బాబాయి విన్న సింహం

మా బాబాయి సగం జీవితం సింహంలా అరిచి ఇల్లు నడిపాడు. ఈ మాటంటే ఆఫీసులో అందరూ నవ్వుతారు గానీ, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. సినిమాల్లో జంతువులకు గొంతిచ్చే పని ఆయనది. రాజుగారి వేటలో సింహమైనా, అమ్మవారి పాదాల దగ్గర సింహమైనా, తెర మీద నోరు తెరిచిందంటే అందులోంచి వచ్చేది మా బాబాయే. సింహం పని లేని రోజుల్లో మేకలు, కుక్కలు, కాకులు, ఎప్పుడైనా ఒక నక్క. కృష్ణానగర్ చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "సింహం గారొచ్చారా?" అనే అడిగేవాళ్ళు.

డిగ్రీ అయ్యాక నేను కంప్యూటర్ కోర్సు కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో వాళ్ళింట్లోనే దిగాను. అమీర్‌పేటలో కోర్సు చేస్తే చాలు, ఉద్యోగం ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని ఊళ్ళకు ఊళ్ళు నమ్మిన కాలం. మేడ మీద రెండు గదుల వాటా వాళ్ళది. అటూ ఇటూ హాస్టళ్ళు, గోడలనిండా కోర్సుల పోస్టర్లు. మొదటి రోజు తెల్లవారుజామున ముందుగదిలో చాప మీద పడుకుని ఉన్నాను. నా తలవైపు నుంచి సింహం గర్జించింది. నేను లేచిన లేవడం వంటింట్లో తేలాను.

పిన్ని ఇడ్లీ రేకులకి నూనె రాస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"భయపడకే, మీ బాబాయి. ఇవాళ రికార్డింగుంది," అంది.

ముందుగదిలో బాబాయి మూలకి తిరిగి నిలబడి, ఖాళీ ఇత్తడి బిందెలో మొహం పెట్టి సాధన చేస్తున్నాడు. పొట్ట లోపలి నుంచి గాలి లాగి, గొంతు దగ్గర బిగబట్టి, ఒక్కసారి వదిలేవాడు. కింది వాటాలో గిన్నెలు మోగేవి. మొదట్లో ఇంటివాళ్ళు గొడవపడేవారట. తరవాత వాళ్ళ మనవడు అన్నం తినకపోతే, "పైనున్న సింహాన్ని పిలవనా?" అని బెదిరించడం మొదలెట్టి, మాతో రాజీకొచ్చారు. పక్క హాస్టల్లో వరంగల్ వైపు కుర్రాళ్ళుండేవారు. పరీక్షో ఇంటర్వ్యూనో ఉందంటే ముందురోజు వచ్చి మెట్ల మీద నిలబడేవాళ్ళు.

"అంకుల్, రేపు ఇంటర్వ్యూ ఉన్నది. పొద్దుగాల అయిదింటికి జర సింహం కొట్టుండ్రి. అలారం పెడితే బందు జేసి పండుకుంటున్నం."

బాబాయి కొట్టేవాడు. ఆ కుర్రాళ్ళలో కొందరికి ఉద్యోగాలొచ్చాయి. స్వీట్ డబ్బాలు తెచ్చి, "మీ సింహం పుణ్యమే" అని కాళ్ళకు దండం పెట్టి వెళ్ళారు. నాక్కూడా ఉద్యోగం వచ్చింది, ఆ సింహంతోనే లేచి. అప్పట్లో ఆ అరుపుకి విసుక్కుంటూ దుప్పటి తలమీదకి లాక్కునేదాన్ని. ఇప్పుడు పంజాగుట్టలో నా ఫ్లాటులో ఫోను అలారం ఏదో సన్నాయి వాయించి లేపుతుంటే, ఆ పొద్దులు ఎంత కావాలనిపిస్తాయో చెప్పలేను.

ఆ గర్జన ఆయన మద్రాసులో నేర్చుకున్నాడు. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారట, అదే పనిలో పండిపోయినవారు. బాబాయి ఆయన దగ్గర మంచినీళ్ళు మోసి, వక్కపొడి అందించి, విద్య పట్టాడు. "పులిది గాండ్రింపు, సింహానిది గర్జన, రెండూ కలిపావంటే నా ఎదటికి రాకు" అని ఆ గురువుగారు చెప్పేవారట. ఆ తేడా బాబాయి నాకూ అరిచి చూపించేవాడు. నాకు రెండూ ఒకలాగే ఉండేవి. ఆ మాటంటే బాధపడతాడని తల ఊపేదాన్ని.

ఒకసారి అడిగాను, "గురువుగారు సింహాన్ని ఎక్కడ విన్నారు బాబాయ్?" అని.

"వాళ్ళ గురువుగారి దగ్గర."

"ఆయనెక్కడ విన్నారు?"

బాబాయికి కోపమొచ్చింది. "అన్నీ కావాలే నీకు. పో, కోర్సుకి టైమయింది," అన్నాడు.

కానీ ఆ ముల్లు ఆయన లోపల ముందునుంచే ఉంది. నిజం సింహం నోట గర్జన ఆయన ఎన్నడూ వినలేదు. జూకి చాలాసార్లు వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా మిట్టమధ్యాహ్నం, సింహం వెల్లకిలా పడి నిద్రపోతుండేది. అది అరిచేది పొద్దుగూకాకో తెల్లారకముందో. అప్పటికి జూ గేట్లు వేసేసి ఉంటాయి. "ఒక్కసారి వినాలే. నాది ఎంతవరకు సరిపోయిందో తెలియాలి కదా," అనేవాడు. తాసిల్దారు ముందు నిలబడ్డ రైతులా ఉండేది ఆ మాటప్పుడు ఆయన మొహం.

తరవాత కంప్యూటర్లలోకి అన్ని అరుపులూ వచ్చేశాయి. ఏ జంతువు కావాలన్నా మీట నొక్కితే వస్తుంది. మనిషిని పిలిచి, కాఫీ ఇచ్చి, అరిపించుకునే ఓపిక ఎవరికుంది? పిలుపులు తగ్గాయి, ఆగిపోయాయి. కొన్నాళ్ళు పిల్లల సీరియళ్ళలో మేకపిల్లకి గొంతిచ్చాడు. సింహం నుంచి మేకకి దిగినందుకు ఆయన ఏమీ అనుకోలేదు గానీ, నాకు మాత్రం ఆ సీరియల్ వచ్చే వేళకి టీవీ కట్టేయబుద్ధయ్యేది.

అరుపు పోయాక వినికిడి పోవడం మొదలైంది. మొదట కుక్కర్ విజిల్ వినపడలేదు. తరవాత కాలింగ్ బెల్లు, తరవాత పిన్ని గొంతు. చెవిటివాడి ముందు శంఖం సామెత మా ఇంట్లో ఎవరి నోటా రాకుండా జాగ్రత్తపడే స్థితికొచ్చాం. చెవిలో మిషను పెట్టించాం. అది కీచుమంటుందని ఆయన జేబులో వేసుకు తిరిగేవాడు. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయని, లావు గొంతులు మిగిలాయని, ఆ కాస్తా కూడా నెమ్మదిగా తగ్గుతుందని, ఆపే మందు లేదని చెవుల డాక్టరు మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పడం వల్ల బాబాయికి వినపడలేదు. నేను కాగితం మీద రాసి చూపించాను. చదివి, మడిచి, "అయితే త్వరపడాలే," అన్నాడు.

దేనికి త్వరపడాలో నాకు వెంటనే అర్థమైంది.

అదే ఏడు నేను ఆఫ్రికా వెళ్దామనుకుంటున్నాను. సఫారీ. ఆఫీసులో ఒకరిద్దరు వెళ్ళొచ్చి ఫోటోలు చూపించి నా ప్రాణం తీశారు. పంజాగుట్ట ఫ్లైఓవర్ వెనక సందులో, టిఫిన్ సెంటర్ మీద చిన్న గదిలో ఒకతను ట్రావెల్స్ నడిపేవాడు. కొత్తవాళ్ళని పది పన్నెండు మందిని పోగేసి కెన్యా తీసుకెళ్తాడని పేరు. అందరూ అతన్ని ట్రావెల్స్ అన్న అనేవాళ్ళు. నేను మాట్లాడటానికి వెళ్తుంటే బాబాయి చొక్కా తొడుక్కుని వెంటొచ్చాడు. అక్కడ కూర్చోగానే అడిగాడు.

"అక్కడ సింహాలు అరుస్తాయా బాబూ?"

"మస్తు అరుస్తయి అంకుల్. గుడారంల పండుకుంటే పక్కకొచ్చి అరిచినట్టే ఉంటది."

బాబాయి నా వైపు చూశాడు. డెబ్బై దాటిన మనిషి, పండక్కి బట్టలు కొనిపెట్టమని అడిగే పిల్లాడిలా చూస్తే నేనేం చెయ్యను? సరేనన్నాను.

పిన్ని సరేననలేదు. కారణం ఆవిడకుంది. అంతకుముందే అమీర్‌పేట మెట్రో మెట్ల కింద, వెనకనించి వచ్చిన మోటారు సైకిల్ హారను వినపడక బాబాయి కింద పడ్డాడు. మోచేయి దోక్కుపోయింది. ఎవరో అబ్బాయి ఆటోలో ఎక్కించి ఇంటిదగ్గర దింపాడు. ఆ రోజు నుంచి ఆయన పాల ప్యాకెట్‌కి వెళ్ళినా ఆవిడ బాల్కనీలో నిలబడేది.

"వెనక మోటారు సైకిలు వస్తే వినపడని మనిషికి, అడవిలో వెనకేం వస్తుందో వినపడుతుందా? పైగా అంత దూరం వెళ్ళి, అది అరిచాక వినపడక, ఈయన మొహం వేలాడేసుకుని వస్తే నేను చూడలేనే," అంది నాతో.

నేను వాదించాను. నాకు వాదనొస్తే ఆగదు. బాబాయి మిషను తీసి జేబులో వేసుకుని మా ఇద్దరి నోళ్ళూ చూస్తూ కూర్చున్నాడు.

దారి ట్రావెల్స్ అన్నే చూపించాడు, తెలియకుండానే. అతనిదొక పద్ధతి. కెన్యాకి ముందు గుంపు మొత్తాన్ని ఒక ఆదివారం ఊరి బయట, నర్సాపూర్ అడవి దారిలో ఉన్న జంతువుల సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్తాడు. సర్కసుల్లోంచి, ఎవరెవరో దొంగచాటుగా పెంచుకున్న ఇళ్ళలోంచి విడిపించి తెచ్చిన జంతువులు అక్కడుంటాయి. అడవిలో వదిలితే బతకలేవు. బడిపిల్లలకి వాటిని చూపించి పాఠాలు చెబుతారు. మన ట్రావెల్స్ అన్న పెద్దపిల్లలకి కూడా చెప్పించేవాడు.

"ఆడ జీపుల గంటలు గంటలు సప్పుడు జెయ్యకుండ కూసోవాలె మేడం. మనోళ్ళతోని గదే కష్టం. పోయినసారి ఒకాయన చిరుతను చూడంగనే ఇంటికి వీడియో కాల్ చేసిండు. 'ఇగో చూడు, ఇగో చూడు' అని గట్టిగ. అది ఉరికింది. అందుకే ఈడ ఒక రోజు ప్రాక్టీస్."

ఆ కేంద్రంలో ఒక ముసలి సింహముందని, చీకటి పడుతుండగా అరుస్తుందని కూడా చెప్పాడు. ఈ మాట పిన్ని చెవిన వేశాను.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు అక్కడ వినమను. ఆ సింహం అరుపు ఆయనకి వినపడితే వెళ్ళమను, నేను అడ్డం రాను. వినపడకపోతే మాత్రం ఆఫ్రికా మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు," అంది. బాబాయి చెయ్యి చాచి ఆవిడ అరచేతిలో వేశాడు. మాటిచ్చేశాడు.

ఆ ఆదివారం నా కారులో ముగ్గురం వెళ్ళాం. మిగతా గుంపు ట్రావెల్స్ అన్న వ్యానులో వచ్చింది. బాబాయి ఖాకీ రంగు చొక్కా కుట్టించుకున్నాడు. అడవిలో ఆ రంగే వేసుకోవాలట. చెవిలో మిషను, జేబులో కొత్త బ్యాటరీలు. పిన్ని సంగతి చెప్పక్కర్లేదు: గళ్ళ పట్టుచీర, మల్లెపూలు, చేతినిండా గాజులు, మూడు అరల క్యారియర్లో పులిహోర. గేటు దగ్గర మాకు పాఠం చెప్పాల్సిన అమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో, ఆకుపచ్చ టోపీ.

"అమ్మా, పూలు బండ్ల పెట్టుండ్రి, వాసనకు జంతువులు పరేషాన్ అయితయి. గాజులకు సుత ఏమన్న కట్టుండ్రి, సప్పుడొస్తది."

పిన్ని మల్లెపూలు తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది. గాజుల మీద బాబాయి చేతిరుమాలు చుట్టుకుంది. దెబ్బ తగిలిన చేతిలా దాన్ని పట్టుకుని ఆ రోజంతా తిరిగింది.

టాపు లేని పాత జీపులో కూర్చోబెట్టి మమ్మల్ని నెమ్మదిగా తిప్పారు. మాట్లాడకూడదు, లేవకూడదు, వేలెత్తి చూపకూడదు. మూడు కాళ్ళ హైనా, కన్ను పోయిన ఎలుగుబంటి, గుంటనక్కలు. అందరి సంగతీ ఏమో గానీ నాకు బాబాయిని పట్టుకోవడమే పనయింది. నక్క కనపడగానే ఆయన గొంతు కదిలింది. ఇన్నేళ్ళ అలవాటు, ఊరుకోమంటే ఊరుకుంటుందా? కింది నుంచి పైకి ఊళ ఒకటి బయల్దేరడం నాకు కనపడుతూనే ఉంది. తొడ మీద గిల్లాను. మింగేశాడు. ఎలుగుబంటి దగ్గర మళ్ళీ గిల్లాను. ఇంటికొచ్చాక చూసుకుంటే కమిలిపోయిందట.

సింహం దగ్గరికి చేరేసరికి ఎండ వాలింది. ఎత్తయిన ఇనుప కంచె, లోపల తుమ్మ చెట్లు, పొదలు, దూరంగా రాత్రి పడుకునే గది. పొద దగ్గర పడుకుని ఉంది సింహం. జూలు పల్చబడింది, వెన్ను ఎముకలు తేలాయి. మమ్మల్ని కంచెకి దూరంగా బెంచీల మీద కూర్చోబెట్టి ఆ అమ్మాయి గుసగుసగా చెప్పడం మొదలెట్టింది. అంత మెల్లని మాట బాబాయికి అందదు. ఆయన వినే ప్రయత్నం కూడా చెయ్యలేదు. సింహాన్నే చూస్తున్నాడు, కన్ను ఆర్పకుండా.

"ఇది సర్కస్ల ఉండె. దీంతోని ఒక ఆడది సుత వచ్చింది, రెండు కలిసే పెరిగినయి. పోయిన వానకాలం ఆడది చచ్చిపోయింది. అప్పటిసంది పొద్దుగూకంగనే ఇది పిలుస్తది. సింహం అరుపంటే కోపం అనుకుంటరు అందరు. కోపం కాదు మేడం. 'నేనీడున్న, నువ్వేడున్నవ్' అని అడుగుడు అది. ఈడ ఇంకో సింహం లేదు. ఎవ్వలు పలుకరు."

పిన్ని చేతిరుమాలు చుట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

కూర్చున్నాం. దోమలు కుడుతున్నాయి, కొట్టడానికి లేదు. కంచె అవతల పక్క ఊరి చేలు. గేదెలు ఇళ్ళకి మళ్ళుతున్నాయి. సింహం లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ తుమ్మ చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. ఇక కనపడలేదు. తల్లీ, ఈయనకి వినపడనియ్యి అని మొక్కుకున్నాను. నేను మొక్కులు మొక్కే మనిషిని కాదు.

అప్పుడు అరిచింది. బరువెత్తేవాడి మూలుగులా కింద మొదలై, పొడుగ్గా సాగి, మళ్ళీ సాగి, తరవాత పొట్టిపొట్టిగా తెగి, చివరికి ఊపిరి మాత్రమే మిగిలేదాకా. నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. మేం చిన్నప్పటి నుంచి సినిమాల్లో విన్నదానికీ దీనికీ సంబంధం లేదు. బాబాయి గర్జనకీ దీనికీ అసలే లేదు. రెండోసారి కూడా అరిచి, ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

నేను బాబాయి వైపు తిరిగాను. ఆయన ఒక్కసారి చేలవైపు చూసి, మళ్ళీ పొదలవైపు చూపు తిప్పుకుని, అలాగే కూర్చున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. కాసేపయ్యాక నా వైపు వంగి, తనకి తెలిసిన గుసగుసలో, అంటే అందరికీ వినపడేలా, "ఇంకా అరవలేదేంటే? ఇవాళ అరవదేమో?" అన్నాడు.

పిన్నీ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. పందెం ఆవిడే గెలిచింది. గెలిచిన మొహం కాదది. ట్రావెల్స్ అన్న గడియారం చూపించి లేవమన్నాడు. జీపు ఎక్కుతూ బాబాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. బాలానగర్ వచ్చినా పులిహోర క్యారియరు మూత తియ్యకుండానే ఉంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. కోపం ఎవరి మీదో తెలియక ప్రతి ఆటోవాడినీ తిట్టుకుంటూ నడిపాను.

"పోన్లేవే. నువ్వెందుకు మొహం అలా పెట్టుకుంటావు?" అన్నాడు ఆయనే. "మీ పిన్నికి మాటిచ్చాను. నేను రాను, నువ్వెళ్ళి రా. అది అరవకపోతే ఎవరేం చేస్తారు, నా రాత."

అరవలేదనే ఆయన అనుకుంటున్నాడు. అరిచింది, నీకే వినపడలేదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అద్దంలో పిన్నిని చూశాను. కిటికీ బయటికి చూస్తోంది.

అమీర్‌పేట వచ్చేసరికి మెట్రో వంతెన కింద బళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. అద్దాలు ఎత్తి ఉన్నా బయట హారన్ల మోత. బాబాయికి ఆ బాధ లేదు. ఏదో ఆలోచిస్తూ ఉన్నట్టుండి అన్నాడు.

"పాపం, ఆ గేదెకి దూడ పోయినట్టుందే."

"ఏ గేదె బాబాయ్?" గట్టిగా అడిగాను.

"అక్కడే. చీకటి పడుతుంటే అవతల చేలల్లో అరిచింది చూడు. ఎంత గొప్ప గొంతే దానిది! మన ఊళ్ళో దూడ పోయినప్పుడు పాడిగేదె ఇలాగే పిలిచేది. మనసంతా ఎలాగో అయిపోయింది. అదిగో అక్కడ ఎత్తుకుని..."

ఎత్తుకుని, అని ఆయన ఎత్తుకున్నాడు. సీటు బెల్టు పొట్టమీంచి పక్కకి లాక్కుని, కళ్ళు మూసుకుని, కిందనించి ఆ మూలుగు తీశాడు. పొడుగ్గా సాగదీశాడు, మళ్ళీ సాగదీశాడు, పొట్టిపొట్టిగా తెంపాడు, చివర ఊపిరి ఒక్కటే మిగిల్చాడు. ఒక్క మెలిక తప్పలేదు. నా ఒంటి మీద వెంట్రుకలు మళ్ళీ లేచాయి. పక్కన ఆగిన ఆటోలోంచి డ్రైవరు తల బయటపెట్టి మా కారులోకి చూశాడు.

ఆయనకి అంతా వినపడింది. మొదటి మూలుగు నుంచి ఆఖరి ఊపిరి దాకా వినపడింది. ఇన్నేళ్ళు సింహంలా అరిచిన మనిషి కాబట్టి, అది సింహమని పోల్చుకోలేకపోయాడు. ఆయన ఎదురుచూసింది గురువుగారి గర్జన కోసం. వచ్చింది వేరొకటి. ఆయన పాలిట అది గేదె.

చెప్పాలి, కానీ చెబితే ఆయన జీవితమంతా అరిచిందేమిటన్న ప్రశ్న వస్తుంది. చెప్పకపోతే ఆఫ్రికా లేదు. అద్దంలో చూశాను. ఈసారి పిన్ని ఆయన తల వెనకభాగాన్నే చూస్తోంది. ఊరుకుంటే ఆవిడ కోరుకున్నదే జరుగుతుంది. ఆయన ఇంట్లో, కళ్ళెదురుగా, క్షేమంగా ఉంటాడు. ఎవరూ ఆవిడని ఒక్క మాటనరు.

పిన్ని ముందుకి జరిగి, ఆయన మిషను చెవి దగ్గరగా నోరు పెట్టింది.

"అది గేదె కాదండీ. సింహం."

ముందు వరస బళ్ళు కదిలాయి. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. నేను ఒక జానెడు ముందుకి పోనిచ్చి ఆపాను.

"సింహమా?" అన్నాడు. "అంత దిగులుగానా?"

ఆ అమ్మాయి చెప్పిందంతా పిన్ని ఆయన చెవిలో చెప్పింది. జంట సంగతి, వానాకాలం సంగతి, రోజూ పొద్దుగూకాక ఎక్కడున్నావని అడగడం, ఎవరూ పలకకపోవడం. ఆఖరి మాట మాత్రం బాగా మెల్లగా చెప్పింది. ఆయనకి ఆ మాట వినపడిందో లేదో నాకు తెలియదు. అర్థమైంది మాత్రం తెలుసు. కళ్ళజోడు తీసి ఖాకీ చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ నేను అరిచింది సింహం కాదన్నమాట," అన్నాడు. "గురువుగారిదీ కాదు."

ఆ మాటకి సమాధానం పిన్ని దగ్గరుంది. ఆవిడ గాజుల చేతికున్న చేతిరుమాలు విప్పి ఆయనకందించింది, కళ్ళు తుడుచుకోమని.

"కాకపోతే ఏమైందండీ? రోజూ పొద్దున్నే విన్నదాన్ని నేను. నాకు మీదే బాగుండేది," అంది.

బాబాయి నవ్వాడు. ఏడుస్తూనే నవ్వాడు. నేను స్టీరింగు మీద తల ఆనించి ఎవరికీ కనపడకుండా ఏడ్చాను. వెనకనించి హారన్ల మోత ఎక్కువైతే, బాబాయే నా భుజం తట్టి, "పదవే, దారి వచ్చింది," అన్నాడు. ఆయనకి హారన్లు వినపడి కాదు, ముందు ఖాళీ కనపడి.

ఇంటి ముందు కారు ఆపాను. ఆయన దిగి, క్యారియరు పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. పిన్ని దిగలేదు. డాష్‌బోర్డు మీది మల్లెపూలు అందుకుని, వాడిపోయాయో లేదో చూసుకుని, జడలో పెట్టుకుంది.

"ఆ ట్రావెల్స్ అబ్బాయికి చెప్పి నాక్కూడా ఒక టికెట్టు రాయించవే," అంది. "అక్కడ సింహానికి ఇంకో సింహం పలికినప్పుడు కూడా ఈయన గేదె అనుకుంటే, కాదని చెప్పడానికి పక్కన మనిషుండొద్దూ?"